లోగిలి అమ్మకానికి ఉంది.. విస్తరణకు వీలుందా?

* కోనసీమ పల్లెల్లో తాళం పడిన పాత బంగళాలు
* ఆడపడుచుల సంతకం లేక సగంలో ఆగుతున్న బేరాలు
* ఖాళీ స్థలం కంటే కాగితాలే కీలకం

అమలాపురం: గ్రామం మధ్యలో పెంకుటి బంగళా, చుట్టూ ఖాళీ స్థలం, నుయ్యి, కొబ్బరి చెట్లు, విస్తరణకు వీలుంది.. ఈ అర్థం వచ్చే ప్రకటనలు కోనసీమలో కొత్త కాదు. తాళం వేసిన ఇంటి ప్రహరీపై సున్నంతో రాసిన ఫోన్‌ నంబరు మొదలుకొని పట్నంలోని బంధువులకు చేరే సందేశం వరకు వాటి రూపాలు అనేకం. ఆ ప్రకటనలో ధరను పెంచేవి చివరి రెండు మాటలే. పాత ఇంటిని పాతదిగానే కొనేవారు తక్కువ. ముందు వైపు రెండు గదులు వేసుకోవచ్చని, పైన మరో అంతస్తు లేపుకోవచ్చని, వెనుక కొబ్బరి చెట్ల నడుమ అతిథి గృహం కట్టుకోవచ్చని ఊహించుకున్నప్పుడే బేరం ముందుకు సాగుతుంది.

అయితే ఆ రెండు మాటలకు ఎవరూ పూచీ పడరు. ఇల్లు ఎవరెవరిది, అది ఉన్న నేల ఏ రకానిది, పాత గోడ కొత్త బరువును మోయగలదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతే విస్తరణకు వీలుందో లేదో తెలుస్తుంది. సమాధానం దొరకని చోట కొన్నవారు జీవితకాలపు పొదుపును కోర్టు వాకిట్లో పోసుకుంటున్నారు. అమ్మేవారు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఈలోగా కప్పు కూలి ఇల్లే లేకుండా పోతోంది.

తాళాలు ఎందుకు పడ్డాయి?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాకు నికరంగా నీరు వచ్చింది. వరి, కొబ్బరి ఆదాయంతో ఆ తర్వాతి తరాలు కట్టుకున్నవే ఈ లోగిళ్లు. వీధి అరుగు, సింహద్వారం, లోపల నాలుగు వైపుల నుంచి కప్పు లోపలికి వాలే మండువా, చుట్టూ వసారా, ధాన్యపు గాదె, పెరటి వైపు వంటశాల, దూరంగా పశువుల శాల. ఉమ్మడి కుటుంబానికి, పాడికి, పంటకు సరిపోయేలా కట్టిన ఇల్లు అది. కొంత కలిగినవారు దానికి ముందు వైపు మేడ చేర్చితే ఊరు దాన్ని బంగళా అంది.

ఆ కుటుంబాలు ఇప్పుడు అలా లేవు. రేవు దాటి పడవలో వెళ్లాల్సిన ఊళ్లకు వంతెనలు వచ్చాయి. 2002లో యానాం-ఎదుర్లంక వారధి ప్రారంభమైంది. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి అమలాపురం మీదుగా సాగుతోంది. రాకపోకలు సులువయ్యే కొద్దీ చదువులకు, ఉద్యోగాలకు ఊరు విడిచిన వారు తిరిగిరావడం తగ్గింది. హైదరాబాద్‌, బెంగళూరు, గల్ఫ్‌, అమెరికాలలో స్థిరపడిన పిల్లలకు ఊళ్లోని ఇల్లు సంక్రాంతికి రెండు రోజులు తెరిచే తాళమైంది. పెద్దవారిలో చివరివారు పోయిన తర్వాత అదీ లేదు.

మరోవైపు అవే వంతెనలు, రహదారులు స్థలాలకు గిరాకీ తెచ్చాయి. 2000-01లో మంజూరైన కోటిపల్లి-నర్సాపురం రైలుమార్గం పేరు నాటి నుంచి ప్రతి స్థలం బేరంలోనూ వినిపిస్తూనే ఉంది. 2022 ఏప్రిల్‌ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడటంతో చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ల స్థలాలపై ఆసక్తి పెరిగింది. అమ్మాలనే వారున్నారు, కొనాలనే వారున్నారు. అయినా బేరాలు తెగడం లేదు. కారణం ధర ఒక్కటే కాదు.

ముగ్గురు సంతకం చేస్తే అమ్ముడయ్యేది సగమే

పల్లెలో బేరం సాధారణంగా అన్నదమ్ములతో మాట్లాడి కుదుర్చుకుంటారు. ఆడపడుచులకు పెళ్లినాడే పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చేశామని, ఇంటిలో వారికి వాటా లేదని మగపిల్లలు చెబుతారు. పెద్దమనుషులూ తల ఊపుతారు. చట్టం మాత్రం తల ఊపదు.

ఒక సాధారణ ఉదాహరణ చూస్తే విషయం స్పష్టమవుతుంది. తండ్రి స్వార్జితంతో ఇల్లు కట్టి, వీలునామా రాయకుండా మరణించాడు. భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. నాయనమ్మ అప్పటికే లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు ఆరు సమాన వాటాలవుతుంది. ముగ్గురు కొడుకులే సంతకం చేసి అమ్మితే కొన్నవారికి దక్కేది మూడు వాటాలు, అంటే సగం ఇల్లు. చెల్లించిన సొమ్ము మాత్రం పూర్తి ఇంటికి.

ఇల్లు తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు కల్పిస్తూ రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లి అయిందా లేదా అన్న తేడా లేకుండా కూతుళ్లందరికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఇంటి విషయంలో మరో ముఖ్యమైన మార్పును పల్లెలు ఇంకా పూర్తిగా గుర్తించలేదు. 1956 నాటి చట్టంలోని 23వ సెక్షన్‌ ప్రకారం, కుటుంబం నివసించే ఇంట్లో తన వాటా పంచి ఇమ్మని కూతురు అడగాలంటే మగ వారసులు పంపకానికి సిద్ధపడే వరకు ఆగాల్సిందే. 2005 సవరణ ఆ సెక్షన్‌నే తొలగించింది. పుట్టింట్లో ఆడపడుచుకు మర్యాదే తప్ప వాటా లేదన్న మాటకు ఉన్న చివరి ఆధారం ఆనాటితో పోయింది.

పెళ్లినాడు ఇచ్చినది ఇచ్చినట్టే ఉంటుంది. అంతమాత్రాన ఇంటిలోని వాటా పోదు. ఆడపడుచు వాటా వదులుకోవాలనుకుంటే హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించాలి. లేదా అమ్మకం దస్తావేజులోనే ఆమె అమ్మకందారుగా సంతకం చేసి తన వంతు సొమ్ము తీసుకోవాలి. నాకేమీ అక్కర్లేదన్న నోటిమాట అన్నదమ్ముల ప్రేమకు చాలవచ్చు, సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయానికి చాలదు. ఆమె మరణించి ఉంటే ఆమె పిల్లలు, భర్త ఆ స్థానంలోకి వస్తారన్నదీ మరువరాదు.

సంతకాలు పూర్తిగా లేకుండా కొన్నవారి పరిస్థితి ఏమిటి? ఉమ్మడి కుటుంబపు నివాస గృహంలో కొంత వాటా కొన్న బయటివారికి ఆ ఇంట్లో కుటుంబంతో కలిసి ఉండే హక్కు లేదని ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షన్‌ చెబుతోంది. పంపకం కోరుతూ దావా వేయాలి. అలా వేస్తే, కోర్టు నిర్ణయించిన విలువ చెల్లించి ఆ వాటాను తామే కొనుక్కుంటామని కుటుంబంలోని వాటాదారులు కోరేందుకు 1893 నాటి పంపకాల చట్టం అవకాశమిస్తోంది. ఇక విస్తరణ మాట ఎక్కడిది? పునాది తవ్వకముందే పని నిలిపివేత ఉత్తర్వు గుమ్మంలోకి వస్తుంది.

తల్లి ఎక్కడ ఉంటుంది?

వాటాల లెక్కలో తరచుగా వెనక్కి పోయేది తల్లి. ఆమె కూడా కొడుకులు, కూతుళ్లతో సమానంగా వాటాదారే. కానీ ఇల్లు అమ్మాక ఆమె ఎవరి దగ్గర ఉంటుందన్న చర్చ అడ్వాన్సు తీసుకున్న తర్వాతే మొదలవుతుంది. పట్నంలో రెండు గదుల ఇంట్లో ఇమడలేని పెద్దావిడకు ఊళ్లోని వీధి అరుగు, పక్కింటి పలకరింపు ఆస్తి కంటే ఎక్కువ. ఆమె వాటా సొమ్ము ఆమె పేరున బ్యాంకులో వేయడం, లేదా ఆమె జీవించి ఉన్నంతకాలం ఇంట్లో కొంత భాగం ఆమెకు ఉండేలా దస్తావేజులో రాసుకోవడం వంటి ఏర్పాట్లు ముందే జరగాలి. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని ఆ మాట తప్పితే బదిలీని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా ఉంటేనే మేలు.

ఇంటికి కాపలాగా ఉంటున్న కుటుంబం సంగతీ అంతే. ఎన్నేళ్లు ఉన్నా కాపలాదారుకు యాజమాన్య హక్కు రాదు. కానీ ఇరవై ఏళ్లు దీపం పెట్టినవారిని ఉన్నపళంగా ఖాళీ చేయమంటే తగవు వస్తుంది. వారి పేరున కరెంటు మీటరో, ఇంటి పన్ను రసీదో ఉంటే ఆ తగవు మరింత ముదురుతుంది. గడువు, ఇవ్వాల్సిన సొమ్ము ముందే మాట్లాడి కాగితంపై పెట్టుకున్న చోట కొన్నవారు ప్రశాంతంగా గృహప్రవేశం చేస్తున్నారు.

గ్రామకంఠమా, జిరాయితీయా?

రెండో ప్రశ్న నేలది. ఊరి మధ్యలో ఇళ్లున్న ప్రాంతాన్ని పాత సర్వేలో గ్రామకంఠంగా చూపి ఒకే సర్వే నంబరు కింద పెట్టారు. అందులో ఏ ఇల్లు ఎవరిదో రెవెన్యూ రికార్డుల్లో ఉండదు. అడంగల్‌లో, 1బీలో పేరు దొరకదు. దస్తావేజులు ఉంటే హద్దులే ఆధారం. ఆ హద్దులూ 'తూర్పున ఫలానావారి గోడ, పడమర ఫలానావారి కొబ్బరి చెట్టు' అన్న పద్ధతిలో ఉంటాయి. ఆ గోడ పడిపోయి, ఆ చెట్టు తుపానుకు కూలిపోయి ఉంటే కొలత తేలడమే కష్టం. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టారనడానికి సాక్ష్యమే గానీ యాజమాన్య పత్రం కాదు.

రిజిస్ట్రేషన్‌ చట్టంలోని 22ఏ సెక్షన్‌ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్‌ భూముల వంటివి నిషేధిత జాబితాలో ఉంటాయి. ఇల్లున్న సర్వే నంబరు పొరపాటున ఆ జాబితాలో చేరితే రిజిస్ట్రేషన్‌ జరగదు. కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరిగి తొలగించుకోవాలి. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఆ జాబితా చూసుకోవాలి.

గ్రామ నివాస ప్రాంతాలకు హక్కు పత్రాలు ఇచ్చేందుకు కేంద్రం 2020 ఏప్రిల్‌ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. డ్రోన్లతో ఇళ్ల హద్దులు గుర్తించి ఆస్తి కార్డులు ఇవ్వడం దాని ఉద్దేశం. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న సమగ్ర భూ రీసర్వే కూడా మొదలైంది. ఆ తర్వాత వచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం వివాదాస్పదమై 2024లో రద్దయింది. కాబట్టి కొనేవారు పాత దస్తావేజులతో పాటు తమ పంచాయతీలో ఆస్తి కార్డు జారీ అయిందా, అందులో ఎవరి పేరుంది, ఎన్ని గజాలు చూపారు అన్నవి సరిపోల్చుకోవాలి. కార్డు హద్దు చెబుతుంది. వారసుల మధ్య తగవును తీర్చదు.

కోనసీమలో ఇంకో విశేషముంది. చాలా ఇళ్లు ఊరి మధ్యలో కాక కొబ్బరి తోటల్లో విడివిడిగా ఉంటాయి. అక్కడి నేల గ్రామకంఠం కాదు, జిరాయితీ. ఇల్లున్న అయిదు సెంట్లు నివాసంగానూ, చుట్టూ ఉన్న పాతిక సెంట్లు తోటగానూ రికార్డులో ఉండవచ్చు. ప్రకటనలో 30 సెంట్లు, అంటే 1,452 గజాల ఇంటి స్థలం అని చెబుతారు. నిజానికి అందులో ఎక్కువ భాగం వ్యవసాయ భూమే. వ్యవసాయేతర వినియోగ మార్పిడికి సంబంధించిన 2006 నాటి నాలా చట్టాన్ని రాష్ట్రం 2025లో రద్దు చేసినా, భూమి వర్గీకరణ, కట్టాల్సిన రుసుములు నిర్మాణ అనుమతి దశలో తేలాల్సిందే. వ్యవసాయ భూమిని ప్రవాస భారతీయులు కొనడానికి విదేశీ మారక నిబంధనలు అంగీకరించవు. వారసత్వంగా పొందవచ్చు, భారత్‌లో నివసిస్తున్న వారికి అమ్ముకోవచ్చు. తాతగారి ఊళ్లో ఇల్లు కొనాలని ముచ్చటపడే విదేశాల్లోని మనవలు ఈ తేడా గమనించడం లేదు.

ఖాళీ అంతా కట్టుకునేది కాదు

కంటికి కనిపించే ఖాళీ వేరు, కట్టుకోగల ఖాళీ వేరు. డెల్టా పల్లెల్లో ఇంటి ముందు పంట కాలువ, వెనుక మురుగు కోడు సర్వసాధారణం. కాలువ గట్టు, పుంత, బోదె ప్రభుత్వ పోరంబోకు. తాతల కాలం నుంచి పూల మొక్కలు పెంచుకుంటున్నా అది ఇంటి స్థలం కాదు. ముందు వైపు విస్తరణ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఇంటికి చేరే చిన్న వంతెన సొంతమా, ఉమ్మడిదా అన్నదీ చూసుకోవాలి. నిర్మాణ సామగ్రి లారీ లోపలికి రాలేని సందులో విస్తరణ ఖర్చు తలకు మించుతుంది.

చమురు, గ్యాస్‌ గొట్టపు మార్గాలు కోనసీమకు ప్రత్యేకమైన చిక్కు. 1962 నాటి చట్టం ప్రకారం గొట్టపు మార్గం కోసం వినియోగ హక్కు తీసుకున్న పట్టీలో ఇల్లు కట్టరాదు, నుయ్యి తవ్వరాదు, చెట్టు నాటరాదు. నేల యజమానిదే, వాడకం మాత్రం అతనిది కాదు. 2014 జూన్‌ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్‌ గొట్టం పేలి ఇళ్లు, తోటలు కాలిపోయి పలువురు ప్రాణాలు కోల్పోయిన ఘటన ఇక్కడివారికి మరపురానిది. తోట గుండా గొట్టం వెళుతోందా అని అడగడం అనుమానం కాదు, అవసరం.

వరద సంగతీ అంతే ముఖ్యం. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. 1986 ఆగస్టు వరదను పెద్దవారు ఇప్పటికీ ఇంటి గోడపై గీత చూపి చెబుతారు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం సమీపంలో తీరం దాటింది. ఇంటి అరుగు ఎత్తు ఎంత, ఏ వరదకు ఎంతవరకు నీరు వచ్చింది అన్నది పక్కింటివారిని అడిగి తెలుసుకోవాల్సిన విషయం. సముద్రానికి, ఆటుపోట్లు తగిలే నదీపాయలకు దగ్గరగా ఉన్న స్థలాలకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలూ వర్తిస్తాయి.

ఇవన్నీ దాటాక పంచాయతీ అనుమతి. ఊరే కదా, ఎవరు అడుగుతారన్న ధోరణి నేటికీ ఉంది. పంచాయతీల్లో లేఅవుట్లు, భవనాలపై 2002లోనే నియమావళి వచ్చింది. కొత్త ఇంటికే కాదు, ఉన్న ఇంటికి చేర్పులకూ అనుమతి కావాలి. దారి వెడల్పును బట్టి చుట్టూ విడవాల్సిన ఖాళీ ఉంటుంది. గ్రామం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే దాని నిబంధనలు కూడా చూడాలి. అనుమతి లేకుండా వేసిన గది ఈ రోజు ఎవరి కంటా పడకపోవచ్చు. రేపు బ్యాంకు రుణం అడిగినప్పుడు, మళ్లీ అమ్మాలనుకున్నప్పుడు అదే అడ్డం తిరుగుతుంది.

పాత గోడకు కొత్త గది

మూడో ప్రశ్న ఇంటిదే. ఈ బంగళాల గోడలు ఇటుక, సున్నపు గచ్చుతో కట్టినవి. మందంగా ఉంటాయి గానీ ఇనుము ఉండదు. కప్పు బరువు వాసాల నుంచి దూలాలకు, దూలాల నుంచి స్తంభాలకు, గోడలకు దిగుతుంది. హాలు విశాలంగా కావాలని ఒక స్తంభం తీసేస్తే, మండువా కప్పు ఒక పక్కకు కుంగుతుంది. పాత గోడలపైనే కాంక్రీటు శ్లాబు వేసి అంతస్తు లేపడం మరీ ప్రమాదం. నిర్మాణ ఇంజినీరు పునాది తవ్వించి చూడకుండా ఆ పని చేయరాదు.

డెల్టా ఒండ్రు, నల్లరేగడి నేలల్లో ఇంకో చిక్కు ఉంది. పాత పునాది దశాబ్దాల క్రితమే కుంగి స్థిరపడి ఉంటుంది. దానికి ఆనించి కొత్త గది కడితే కొత్త పునాది ఇప్పుడు కుంగుతుంది. రెండూ కలిసిన చోట గోడ నిలువునా చీలుతుంది. అందుకే కొత్త కట్టడాన్ని కొద్ది దూరంలో విడిగా నిలబెట్టి, మధ్యలో తేలికపాటి వసారాతో కలపడం మేలు. సున్నపు గోడపై సిమెంటు పూత కూడా హాని చేస్తుంది. నేల చెమ్మ బయటకు పోయే దారి మూసుకుపోయి గోడ లోపలే ఉప్పుపట్టి పెచ్చులూడుతుంది.

మండువాలో పడిన వాన నీరు తూము ద్వారా బయటకు పోవాలి. కొత్త గది ఆ తూముకు అడ్డంగా వస్తే తొలి వానకే నట్టింట్లో నీరు నిలుస్తుంది. కప్పు నాలుగు మూలలా కలిసే చోట్ల రేకు తుప్పుపట్టి కారుతోందా, వాసాలకు చెద పట్టిందా అన్నవి వర్షాకాలంలో చూస్తేనే తెలుస్తాయి. వేసవిలో చూసి కొన్న ఇల్లు ఆషాఢంలో అసలు రూపం చూపుతుంది.

వాస్తు మాట ఎటూ రాక మానదు. నైరుతి పెరిగిందని, వీధిపోటు ఉందని ధర తగ్గించమంటారు, ఈశాన్యం పెరిగిందని పెంచమంటారు. అది కొనేవారి నమ్మకం. అయితే పండితుణ్ని మూడుసార్లు తీసుకొచ్చినవారు న్యాయవాదిని, ఇంజినీరును ఒక్కసారి కూడా తీసుకురాకపోవడమే ఆలోచించాల్సిన విషయం.

ధరలో కనిపించని లెక్కలు

బేరం రూ.60 లక్షలకు కుదిరిందనుకుందాం. రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్‌ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. అంటే మరో రూ.4.5 లక్షలు. ప్రభుత్వ మార్కెట్‌ విలువ బేరం కంటే ఎక్కువగా ఉంటే దానిపైనే కట్టాలి. ధర రూ.50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారు 1 శాతం ఆదాయపు పన్నును మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. ఇక్కడ రూ.60 వేలు. అమ్మకందారులు ఆరుగురైనా ఒక్కొక్కరి వాటా కాక మొత్తం ధరనే లెక్కించాలని 2024 అక్టోబరు 1 నుంచి నిబంధన స్పష్టం చేసింది.

వారసుల్లో ఒకరు ప్రవాస భారతీయుడైతే అతని వాటాకు ఈ 1 శాతం లెక్క వర్తించదు. దీర్ఘకాలిక మూలధన లాభంపై 12.5 శాతం, దానిపై సెస్సు వంటివి లెక్కగట్టి కొనేవారే మినహాయించాలి. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలు అమ్మేవారికి ఉంది. ఈ విషయం తెలియక పూర్తి సొమ్ము ఇచ్చేసిన కొనుగోలుదారుకు ఆనక నోటీసు వస్తుంది. అమ్మేవారు విదేశాల నుంచి పవరు పంపిస్తే అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. పవరు ఇచ్చినవారు మరణిస్తే సాధారణంగా అది చెల్లదు. కేవలం జీపీఏ కాగితంతో ఇల్లు సొంతం కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. స్థిరాస్తి బేరంలో రూ.20 వేలు, ఆపై నగదు తీసుకోవడం 2015 జూన్‌ 1 నుంచి నిషేధం. అయినా అడ్వాన్సులు నోట్ల కట్టల్లోనే చేతులు మారుతున్నాయి. తగవు వచ్చిన రోజున ఆ సొమ్ముకు సాక్ష్యం ఉండదు.

చివరికి కలప బేరమేనా?

ఏ లెక్కా తేలని ఇంటికి చివరగా వచ్చేది కలప వ్యాపారి. అతనికి హద్దులతో పనిలేదు, లింకు దస్తావేజులు అక్కర్లేదు. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు, దూలాలు, ఇత్తడి గడియలు, పాత పెంకు విడివిడిగా ధర కట్టి, నాలుగు రోజుల్లో ఊడదీసి లారీకెత్తుతాడు. పట్నంలోని రిసార్టులు, హోటళ్లు, విశాలమైన కొత్త విల్లాల ముంగిళ్లలో ఆ స్తంభాలు అలంకారమవుతాయి. తమిళనాడులోని కారైకుడిలో చెట్టినాడు భవనాల తలుపులు, స్తంభాలకు ఏకంగా బజారే ఏర్పడింది. మరోవైపు అదే ప్రాంతంలో కొన్ని భవనాలను అతిథి గృహాలుగా మార్చి నిలబెట్టుకున్నారు. రెండు దారులూ కళ్ల ముందే ఉన్నాయి.

కలప అమ్మితే వచ్చే సొమ్ము ఒక్కసారికే. ఆ తర్వాత మిగిలేది మొండి గోడల స్థలం. వారసుల తగవు మాత్రం తీరదు. కలప సొమ్ములో తమకు వాటా ఇవ్వలేదని మరో తగవు దానికి తోడవుతుంది.

ముందుగా చేయాల్సింది..

అమ్మేవారు:
* వారసులందరి జాబితాతో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. కూతుళ్లు, మరణించిన వారి సంతానం సహా అందరినీ కూర్చోబెట్టి వాటాలు తేల్చుకోవాలి.
* పంపకాన్ని నోటిమాటతో కాక రిజిస్టరు చేయించుకోవాలి.
* సర్వేయరుతో కొలతలు వేయించి నక్షా సిద్ధం చేసుకోవాలి. అప్పుడే ఎంత ఖాళీ ఉందో చెప్పే మాటకు విలువ.

కొనేవారు:
* ఈసీతో సరిపెట్టుకోరాదు. రిజిస్టరు కాని వీలునామాలు, పంపకాల జాబితాలు, వారసుల పేర్లు అందులో కనిపించవు. 22ఏ జాబితాను, కోర్టు దావాలను వేరుగా చూసుకోవాలి.
* కొనుగోలు ఒప్పందంలో, విస్తరణకు పంచాయతీ అనుమతి రాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి. విస్తరణకు వీలుందని చెప్పేవారు దానిపై సంతకం చేయడానికి వెనుకాడితే సమాధానం దొరికినట్టే.
* వానాకాలంలో ఒకసారి, ఇంజినీరుతో ఒకసారి ఇల్లు చూడాలి.

యంత్రాంగం:
* గ్రామకంఠం ఇళ్లకు ఆస్తి కార్డుల జారీని వేగవంతం చేసి, తప్పులను పంచాయతీ స్థాయిలోనే సరిదిద్దే ఏర్పాటు చేయాలి.
* నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన నివాస స్థలాల తొలగింపునకు గడువు పెట్టాలి.
* గొట్టపు మార్గాలు, కాలువ గట్ల హద్దులను గ్రామ పటంపై గుర్తించి పంచాయతీ కార్యాలయంలో అందరికీ కనిపించేలా ఉంచాలి.

ఇందులో ప్రభుత్వం చేయాల్సినది కొంతే. ఎక్కువ భాగం కుటుంబం చేతిలో ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే రోజున సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయం మెట్లెక్కిన చోట ఇల్లు మంచి ధరకు పోతోంది, కొత్త కుటుంబం దీపం పెడుతోంది. ఎక్కలేని చోట ప్రతి వానాకాలం కొన్ని వాసాలను రాలుస్తోంది. పెద్దలు జీవించి ఉండగానే వాటాలు తేల్చి రాసిపెట్టుకోవడమే ఇంటిని నిలబెట్టే మొదటి మరమ్మతు.